మంచులో మా ఇంటి పిలుపు

నా చిన్నప్పుడు నాది పిట్ట గొంతు. పులికాట్ ఒడ్డున మా పల్లెలో అది చిన్న లోపమేమీ కాదు. చలికాలంలో తెల్లవారేసరికి సరస్సు మీద మంచు దిగిందంటే, పడవలో గెడ వేసే మనిషికి తన చెయ్యే తనకు కనపడదు. అందుకని ఇంటికొకరు చొప్పున ఆడవాళ్లు నీళ్లంచున నిలబడి పిలిచేవాళ్లు. ఒక్కో ఇంటి పిలుపుది ఒక్కో తీరు. అది పట్టుకొని పడవలు ఒడ్డుకు చేరేవి. పిలుపు అందని పడవ, సరస్సు సముద్రంలో కలిసే మొగ వైపు తెలియకుండానే జారిపోయేది.

మా ఇంటి తరఫున పిలిచేది మా అవ్వ, నాయన వాళ్లమ్మ. నీళ్ల మీద చాప పరిచినట్టు సాగిపోయేది ఆమె గొంతు. ఆ ఏడు ఆమెకు జ్వరమొచ్చి గొంతు బొత్తిగా పూడుకుపోయింది. అమ్మ చూస్తే తమ్ముణ్ణి కని ఐదు రోజులు. ఇక మిగిలింది తొమ్మిదేళ్ల నేను.

ఆ పొద్దున నాయన పడవ సరస్సు మీదే ఉంది. నీళ్లంచున నిలబడి "నాయనా" అని అరిచాను. పక్కింటి అత్త తమ పడవ అప్పటికే వచ్చేయడంతో వల దులుపుకుంటూ ఉంది.

"ఏందిమే ఆ కీచు? మీ నాయన దాకా యాడ పోతాది? నీ కాళ్లకాడ పీతకైనా వినపడిందేమో అడుగు" అంది. అందే గానీ, ఆమె చూపు కూడా మంచులోనే ఉంది. ఒక్కొక్కటే పడవలన్నీ వచ్చేశాయి, మాది తప్ప. నేను ఇంకా అరిచాను. గొంతు మండిపోయి చివరికి గాలి తప్ప ఏమీ రాలేదు. ఏడుస్తూ నిలబడ్డాను.

అవ్వ దుప్పటి కప్పుకొని మెల్లగా నడిచి వచ్చింది. తడి ఇసుకలో కూర్చొని, నా అరచేతిని తీసుకొని తన పొట్ట మీద పెట్టుకుంది. ముందు ఊపిరి వదిలింది. వదులుతూనే ఉంది. పొట్ట వెళ్లి వీపుకు అంటుకుందేమో అనిపించింది. అప్పుడు గాలి తనంతట తానే లోపలికి వచ్చింది. నా చెయ్యి నిదానంగా పైకి లేచింది. ఆమె భుజాలు మాత్రం కదలనేలేదు.

"అరవబాకమే" అంది చెవిలో, గుసగుసగా. "ముందు ఖాళీ సెయ్యి. నిండినాక నిదానంగా వదులు. నీళ్లే మోసుకుపోతాయి."

"అంత టయిము లేదవ్వా" అన్నాను.

"ఉండాది" అంది.

ఊపిరి వదలాలంటే భయమేసింది. ఆ కాసేపట్లో నాయన ఎటు పోతాడో అని. అయినా వదిలాను. లోపల ఏమీ మిగలనంతగా వదిలాను. ఒక్క క్షణం ఒడ్డు లేదు, నీళ్లు లేవు, ఎక్కడో కొంగ రెక్కల చప్పుడు తప్ప అంతా తెలుపే. తర్వాత నా నోటి నుంచి వచ్చిన పిలుపు నాది కాదనిపించింది. బరువుగా, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా పోయింది. మూడోసారి పిలిచేసరికి, మొగ వైపు నుంచే, పడవ అంచు మీద గెడతో కొట్టిన చప్పుడు వినిపించింది. అత్త చేతిలో వల ఆగిపోయింది. పడవ ముక్కు కనపడేదాకా నేను ఆపలేదు.

నాయన దిగి, తడిసిన తల తుడుచుకుంటూ "నీకు గొంతొచ్చినాదామ్మా?" అని అవ్వను అడిగాడు. అవ్వ నా వైపు వేలు చూపించింది. నాయన చేపల బుట్ట అక్కడే వదిలేసి, ముందు నన్ను ఎత్తుకొని ఇంటికి నడిచాడు.

ఇప్పుడు పడవల్లోకి ఫోన్లు వచ్చాయి, ఎవరూ ఒడ్డున నిలబడి పిలవడం లేదు. బడిలో పాఠాలు చెప్పి గొంతు బొంగురుపోయిన మా మనవరాలు, ఊపిరి కసరత్తులు ఫోన్లోనే చూసి నేర్చుకుంటోంది. నేర్చుకోనీ, మంచిదే. నేను మాత్రం ఎవరినైనా పిలవాలన్నా, కోపంలో ఒక మాట అనాలన్నా, ముందు ఉన్న ఊపిరంతా వదిలేస్తాను. ఇంకా నిండని ఆ కాస్తసేపూ నా చుట్టూ తెల్లగా అయిపోతుంది. తొందర ఉండదు. పాదాలకు ఆనాటి చల్లటి నీళ్లు తగులుతున్నట్టు ఉంటే, అవతలి నుంచి చప్పుడు ఏమైనా వస్తుందేమోనని వింటూ ఉంటాను.