గద్దె దిగడం

మాది హనుమకొండ బజారులో చీరల దుకాణం. పొద్దున్నే గద్దె మీద మఠం వేసుకుని కూర్చుంటే బోణీ అయ్యేదాకా దిగకూడదని మా ఇంటి పట్టింపు. అందుకే ఎక్కువగా అడిగే రకాలన్నీ చేతికందే అరల్లో సర్దుకున్నాను. కదలకుండా ఇరవై చీరలు విప్పి చూపగలనని నాకు గర్వం. లేవకపోవడం కూడా పనితనమే అనుకునేవాణ్ణి.

అలాగని ఒంటిని నిర్లక్ష్యం చేయలేదు. ఐదేళ్లుగా రోజూ తెల్లవారగానే గ్రౌండు చుట్టూ గంట నడక. ఫోనులో అడుగులు చూపించి తోటి వ్యాపారుల ప్రాణం తోడేసేవాణ్ణి.

శ్రావణమాసంలో ఒక ఉదయం, ఇంకా బోణీ కాలేదు. పక్కనే ఫాల్ కుడుతున్న నా భార్య నీళ్లకని గద్దె దిగి, రెండడుగులు వేసి, కళ్లు తిరిగి పడిపోయింది. నేను లేవబోయాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, మోకాళ్లు విడలేదు. చేతులు ఆనించి లేచీ లేవకముందే మళ్లీ కూలబడ్డాను. కేకలు వేస్తే ఎదురుగా ఉన్న చాయ్ కొట్టతను వచ్చి ఆమెను లేపాడు.

బీపీ పడిపోయిందని, భయం లేదని దవాఖానలో చెప్పారు. తిరిగి వస్తుంటే ఆటోలో ఆమె ఒకే మాట అంది. "మీరు వస్తరని చూసిన."

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు గ్రౌండులో రోజూ కనిపించే రిటైరైన డ్రిల్లు సారును పట్టుకున్నాను. ఆయన నన్ను కింద కూర్చోబెట్టి చేతులు ఆనించకుండా లేవమన్నాడు. ఒంటికాలి మీద నిలబడమన్నాడు. వంగి పాదాలు అందుకోమన్నాడు. ఏదీ కాలేదు.

"సేటూ, దమ్ముకు పాసైనవ్. బలం, బ్యాలెన్సు, ఒళ్లు వంగుడు, మూడిట్ల ఫెయిలు. నడిస్తె అన్నీ వస్తయనుకున్నవా?"

ఆయన చెప్పినవేవీ పెద్ద విద్యలు కావు. కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, మొదట పదిసార్లు. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం. నడక అయ్యాక, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడే తొడలూ నడుమూ సాగదీయడం. తొందరపడి రోజూ అన్నీ చేయబోతే కసిరాడు. "కండకు ఒకరోజు పని, ఒకరోజు రెస్టు. జర జర పెంచాలె."

బోణీ అయినా కాకున్నా అరగంటకోసారి గద్దె దిగడం మొదలుపెట్టాను. బేరాలేమీ తగ్గలేదు.

ఆరు నెలలకు ఒక సాయంత్రం ఇంట్లో, ఆమె ముందు నేల మీద కూర్చుని, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాను. ఇంకోసారి పడితే అందుకుంటానని ఆమెకు చెప్పడమే నా ఉద్దేశం. కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె తలెత్తి చూసింది.

"బాగనే లేచిన్రు" అంది. ఇంకో కాయ ఒలిచి, "ఆనాడు నాకు కళ్లు తిరుగుడు జరసేపట్లనే తగ్గింది. లేద్దామంటె మోకాళ్లు లేవనియ్యలె. గందుకే అట్లనే పండుకున్న" అంది.

ఐదేళ్లు నడకకు ఒక్కణ్ణే వెళ్లాను. ఈ ఆరు నెలలూ ఒక్కణ్ణే వెళ్లాను. వస్తావా అని ఒక్కనాడూ అడగలేదు.

ఆమె చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

"సారు కుర్చీల నుంచి పదిసార్లు లేవమన్నడని చెప్పిన్రు గదా, ఎట్లనో జర చూపియ్యున్రి."