మంచు పిన్ని కళ్లజోడు

ప్రయోగశాలలో అందరూ ఆమెను మంచు పిన్ని అంటారు. ఆమెతో చేయి కలిపినవాడికి మూడు రోజులు జలుబు వదలదని చెప్పుకుంటారు గానీ, అది శుద్ధ అబద్ధం. నాలుగు రోజులు వదలదు. మనుషుల శ్వాసనాళాల్లోంచి తీసిన కణాలను చిటికెన వేలంత గొట్టాల్లో పెట్టి, చలిపొగలు కక్కే ద్రవ నైట్రోజన్ పీపాలో గడ్డకట్టించి నిద్రపుచ్చడం, వైరస్ పరీక్షలకు కావాలన్నప్పుడు లేపడం ఆమె పని. ఇరవై రెండేళ్లు వంగి వంగి ఆమె నడుము పీపా అంచులాగే వంపు తిరిగింది. మూత తీసినప్పుడొక నిట్టూర్పు, వేసినప్పుడింకొకటి. గొట్టాల మీది చీమతలకాయంత అక్షరాలను ఇప్పటికీ ఉత్త కళ్లతో చదువుతానని మాత్రం గొప్పలు పోతుంది.

ఒక మధ్యాహ్నం కుర్ర పరిశోధకుడొకడు ఎగురుకుంటూ వచ్చాడు. "ఈ కొత్త వైరస్ ఉత్త పిరికిది పిన్నీ! నువ్విచ్చిన కణాల్లో పెరగనే లేదు. రేపు మీటింగులో భయం లేదని చెప్పేస్తా." పిన్ని మైక్రోస్కోపులో చూసింది. కణాల మీద గాలికి గడ్డిలా ఊగాల్సిన సన్నని నూగు కదలడం లేదు. ఆమె కుర్చీలో కూలబడింది. "పిరికిది అది కాదు నాయనా, నేను. ఆ గొట్టం తీసినప్పుడు అక్షరాలు కళ్లకు ఆనక చేతిలో పట్టుకుని నిలబడ్డా. సగం కరిగింది. ఏం కాదులే అని మళ్లీ పీపాలో పడేశా. తర్వాత నీకు లేపి ఇచ్చింది దాన్నే. దెబ్బతిన్న కణాల్లో వైరస్ ఏం పెరుగుతుంది?"

"నెల రోజుల పని పిన్నీ!"

"ఇంకో నెల పడుతుంది. రేపు మాత్రం ఏమీ చెప్పకు."

నడుము పట్టుకుని లేచి పీపా దగ్గరికి వెళ్లింది. మూత తీయకముందే, ఆరు నెలలుగా జేబులో దాచిన కళ్లజోడు తీసి, అతను చూస్తుండగానే పెట్టుకుంది.