సీసా అడుగున పెరిగిన నీళ్ళు

మా పై ఫ్లాటు బాబాయి గారు మంగళవారం ఉదయం పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద, ముందుకూ వెనక్కూ కదలని కారులో ఉన్నాను. దిగి పరిగెత్తే వీలు కూడా లేదు. వెనక్కి తిరిగి మణికొండ చేరడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ పక్క సీటు వైపు చూడలేకపోయాను.

రెండేళ్ళు ఆ సీటు ఆయనదే. స్టేడియం దగ్గర నడకకని రోజూ నాతో వచ్చేవారు; ఆ ఉదయం మాత్రం ఒంట్లో నలతగా ఉందని రాలేదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు మడ్డి నుంచి ఇథనాల్ తీసే చోట కెమిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. ట్రాఫిక్ ఆగితే చాలు, పాఠం మొదలు. "భూమిలోంచి తోడింది తోడినట్టే పోతుంది బాబూ. చెరకు అలా కాదు, నరికిన చోటే మళ్ళీ మొలుస్తుంది" అనేవారు. చెరకుతో, మొక్కజొన్నతో, నూకలతో చేసిన ఇథనాల్‌ మీద బండి నడిస్తే బయటినుంచి తెచ్చుకునే చమురు ఆ మేరకు తగ్గుతుందనీ, రైతుకు ఇంకో బేరం దొరుకుతుందనీ, పొగలో విషం తగ్గుతుందనీ చెప్పేవారు. పారిపోయే దారి లేక వినేవాణ్ణి. "మరి మైలేజీ?" అని దెప్పితే, "తగ్గుతుంది. పాత బండ్లకు రబ్బరు పైపులు కూడా మార్చుకోవాలి. మంచిదని చెప్పడానికి అబద్ధమెందుకూ?" అని నవ్వేవారు.

ఇంత విన్నా నా బుర్రకెక్కింది తక్కువే. ఓ రోజు మా వీధి చివర బంకులో పెట్రోలు పోయించాక మా ఆవిడ స్కూటర్ మొరాయించింది. ఒళ్ళు మండి, సీసా మీద గీత గీసి అంతవరకు నీళ్ళు పోసి, పైన ఆ పెట్రోలు పోసి ఊపాను. కాసేపటికి అడుగున నీళ్ళు గీత దాటి పైకొచ్చాయి. ఇంకేం, వీడియో తీసి, కల్తీ అని బంకు పేరు రాసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాను. అందులో నా చేతులూ సీసా తప్ప ఇంకేమీ కనబడవు. మర్నాటికల్లా అది ఊరంతా తిరిగింది. ఆ పెట్రోలు పోసినామెను పనిలోంచి తీసేశారు.

బాబాయి గారు తల పట్టుకున్నారు. "ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలిపే అమ్ముతారు, అది నీళ్ళతో కలిసిపోతుంది బాబూ. పెట్రోల్లోంచి అది కిందికి దిగింది కాబట్టే నీళ్ళు పెరిగినట్టుంది. కల్తీ కాదు. స్కూటర్‌కు ప్లగ్గు పోయి ఉంటుంది. నువ్వే బంకుకెళ్ళి చెప్పు."

చెబుదామనే అనుకున్నాను. గ్రూపులో అందరూ అంత మెచ్చుకున్నాక తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆఫీసులో రిలీజ్ ఉందన్నాను, కాల్స్ ఉన్నాయన్నాను. ఆయన మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. వారం తిరక్కుండా ఆమె మళ్ళీ బంకులో కనిపించింది. గండం గడిచిందనుకుని నేను వేరే బంకుకు మారాను.

మంగళవారం నేను చేరేసరికి ఆమె బంకు యూనిఫామ్‌లోనే వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తోంది.

"మీరు గీడనే ఉంటరా సార్?" అంది నన్ను చూసి. "నా నౌకరి పోయినప్పుడు పెద్దసారే వచ్చిండు. 'ఆ వీడియో నేనే తీసిన, నాకు తెల్వక తప్పు చెప్పిన, ఆమె కసూరు ఏం లేదు' అని మా మేనేజర్‌కు చెప్పిండు. అందరి ముంగట మాఫీ అడిగిండు సార్, గా వయసుల."

ఆ వీడియో తీసింది నేనని చెప్పాలి. చెబితే ఆయన నాకోసం ఆడిన మాట ఆయన ముందే అబద్ధమని తేలిపోతుంది. చెప్పకపోతే నా తప్పు ఆయనదిగానే ఆయనతోపాటు కాలిపోతుంది.

"మీరు గూడ వెయ్యుండ్రి సార్" అంటూ ఆమె తెచ్చిన బంతిపూలలో సగం నా దోసిట్లో పోసింది. ఆమె తనవి చల్లి, కళ్ళు తుడుచుకుని, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది. నేను ఆ పూలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.