అత్తమ్మ నన్ను "అవ్వా" అని పిలిచిన వేళ

నిరుడు జగిత్యాలలో మా అత్తమ్మకు తుంటి ఆపరేషన్ జరిగింది. మర్నాడు పొద్దున కళ్లు తెరిచిన ఆమె నన్ను గుర్తుపట్టలేదు. సెలైన్ సూది పీకేసి, ఎప్పుడో బీడీలు చుట్టిన రోజుల్లో ఉన్నట్టు, "కార్ఖానాల బీడీలు ఇచ్చి రావాలె, నన్ను పోనియ్యి" అంటూ మంచం దిగబోయింది. అడ్డుపడితే కొట్టింది.

"సార్, నిద్రకు సూది వెయ్యుండ్రి" అని డాక్టరును బతిమాలాను.

"వద్దమ్మా, మత్తుమందుతోని అయోమయం ఇంక పెరగొచ్చు. పెద్దవయసుల ఆపరేషన్ అయినంక కొందరికి గిట్లయితది. కండ్లద్దాలు పెట్టి, కిటికీ తెరిచి, పక్కన కూసోని ముచ్చట పెట్టు" అన్నాడాయన.

అద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకొని ఇంటి ముచ్చట్లు చెప్పాను. కాసేపు నా ముఖంలోకి చూసి, "అవ్వా, నన్ను ఇడిచిపెట్టి పోతవా?" అంది. మా వైపు అమ్మను అవ్వ అంటారు; అత్తమ్మ చిన్నప్పుడే వాళ్లమ్మ చనిపోయింది.

"పోను బిడ్డా, ఈడనే ఉంట" అన్నాను. నా చెయ్యి చెంప కింద పెట్టుకొని నిద్రపోయింది.

మరుసటి సాయంత్రానికి తేరుకొని, "లతా, ఏమన్న తిన్నవా?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమెకు అదేమీ గుర్తులేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఆమె కసురుకున్నా నాకు కోపం రాదు. తల్లి కోసం బెంగపడ్డ ఆ చూపే కనిపిస్తుంది.

– లత, కోరుట్ల