ఒక్క తప్పూ లేని ఉత్తరం

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని మా వీధిలో ఎవరు చాటారో గానీ, ఆ మనిషిని ఇప్పటికీ క్షమించలేదు. సైనిక్‌పురిలో మేం అద్దెకు దిగి రెండేళ్లు కూడా కాలేదు. అద్దెకున్నవాళ్లని సభ్యులుగా కూడా చేర్చుకోని వీధి సంఘం, నియమం పక్కనపెట్టి మరీ నన్ను సెక్రటరీని చేసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వారానికొకటి పుట్టుకొస్తున్న రోజులవి. బేగంపేటలో అలాంటి ఒక కంపెనీలో ప్రోగ్రాములకి మాన్యువల్స్ రాసేదాన్ని. పగలంతా కామాలు ఏరుకుని వచ్చే మనిషికి సాయంత్రం ఇంకో నాలుగు కామాలు బరువా అనుకున్నారు కాబోలు.

సంఘంలో నాతో కలిపి నలుగురం. ప్రెసిడెంటు రిటైరైన కల్నల్‌గారు. కోశాధికారి ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చిన పెద్దాయన. మూడో ఆవిడ ఇంగ్లీషు మీడియం స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయారు. ముగ్గురూ మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే నాలుగు మాటలు అనేసి బయటపడేదాన్ని. వాళ్ల పద్ధతే నా ప్రాణం తీసేది. సంఘం లెటర్‌హెడ్ మీద ఏ కాగితం పోవాలన్నా ముందు దాన్ని ఫైలు అట్టలో పెట్టి ఆ మూడిళ్లకీ తిప్పాలి. ఒక్కొక్కరూ చదివి, దిద్ది, మూలన పొట్టి సంతకం పెట్టాలి. ఒకరు దిద్దినదానికి మిగతా ఇద్దరూ ఒప్పుకోవాలి, లేకపోతే ఫైలు మళ్లీ మొదటి ఇంటికి పోవాలి. కల్నల్‌గారిది ఎర్ర సిరా, కోశాధికారిది ఆకుపచ్చ, హెడ్‌మిస్ట్రెస్ గారిది పెన్సిలు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కావాలని మొదలుపెట్టిన ఉత్తరం ఒకటి ఇలాగే తిరిగి తిరిగి వానలు పడ్డాక తేలింది.

ఒక మంగళవారం సాయంత్రం నేను ఆఫీసు బస్సు దిగేసరికి మా వీధి వాచ్‌మన్ గేటు దగ్గర కాసుకుని ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ వీధిని కాస్తున్న మనిషి. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగడు.

"మేడమ్, మాదాపూర్ల ఒక కంపెనీ గేటు కాడ డ్యూటీ ఉన్నదంట. సోమవారం పొద్దుగాల పదింటికి రమ్మన్నరు. ఇప్పటిదంక పనిచేసిన కాడికెళ్లి ఇంగ్లీష్ల కాగితం తెమ్మన్నరు. జెర రాసియ్యుండ్రి."

అది పగటి డ్యూటీ. అన్నిటికంటే ముఖ్యంగా ఈఎస్ఐ కార్డు వస్తుంది. అతని భార్యకి గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషన్ చేయించక తప్పదన్నారు. కార్డుంటే ఆ ఆపరేషన్ జరుగుతుంది, లేకపోతే జరగదు. ఇదంతా అతను చెప్పలేదు, మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ చెప్పింది.

ఆ ఉత్తరం రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆరంటే ఆరు వాక్యాలు. ఈయన మా వీధిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. నిజాయితీపరుడు, కష్టపడే మనిషి. వీధిలో ప్రతి ముఖాన్నీ ప్రతి బండినీ గుర్తుపడతాడు. ఒకసారి తాళం వేసిన ఇంట్లోంచి గ్యాస్ వాసన వస్తే కిటికీ అద్దం పగలగొట్టి, లోపలికి దూరి సిలిండర్ కట్టేశాడు. ఈయన వెళ్లిపోవడం మాకు నష్టం. ఏ సందేహమూ లేకుండా ఈయన్ని సిఫారసు చేస్తున్నాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఇల్లలకగానే పండగ కాదని మా విజయనగరంలో మా అమ్మ ఊరికే అనేదా?

బుధవారం పొద్దున్నే ఫైలు కల్నల్‌గారింటికి వెళ్లింది. కష్టపడే మనిషి అనడానికి ఇంగ్లీషులో హార్డ్, వర్కింగ్ అని రెండు మాటలున్నాయి కదా, వాటి మధ్య ఆయన హైఫన్ పెట్టారు. కోశాధికారి హైఫన్ కొట్టేసి రెండూ కలిపేశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు కలిపినవాటిని విడదీసి, నిఘంటువు చూసి దిద్దవలసిందిగా పక్కన పెన్సిలుతో రాశారు. అది ఎవరిని ఉద్దేశించి రాసిన మాటో తేలాలని కల్నల్‌గారు ఫైలు వెనక్కి పంపారు. గురువారం రాత్రికి ఆ గొడవకి మందు దొరికింది. వాక్యం మొత్తం తీసేశారు.

శుక్రవారం మూడో వాక్యం వంతు. అండ్‌కి ముందు కామా ఉండాలని ఒకరు, ఉంటే స్కూలు పిల్లల రాతలా ఉంటుందని ఇంకొకరు. అదీ పోయింది. వెళ్లిపోవడం నష్టం అన్నచోట షుడ్ వాడాలా వుడ్ వాడాలా అన్నదానికి కోశాధికారి స్వయంగా మా ఇంటికొచ్చి గంటసేపు చెప్పారు. కుక్కర్ మూడు కూతలు కూసి ఆగిపోయింది, ఆయన ఆగలేదు. చివరికి ఆ వాక్యమూ పోయింది. ఈలోగా గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసినప్పుడల్లా లేచి నిలబడేవాడు. అడిగేవాడు కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో ఆ వారం నాకు కళ్లకు కట్టింది. మరి పిల్లుల్లో నేనూ ఒకతెనని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఆదివారం సాయంత్రం కల్నల్‌గారింట్లో టీ, ఉస్మానియా బిస్కెట్లు, ఆఖరి సమావేశం. సిఫారసు చేస్తున్నది నేనా, మేమా, క్రింద సంతకం చేసినవారా అన్నది తేలక ఆరో వాక్యం అప్పటికే పడిపోయింది. ఇక మిగిలింది గ్యాస్ సిలిండర్. వాసన రావడం ముందు, అద్దం పగలడం తర్వాత కాబట్టి ముందుదానికి పాస్ట్ పర్ఫెక్ట్ వాడి తీరాలని హెడ్‌మిస్ట్రెస్ గారు పట్టుబట్టారు. అక్కర్లేదన్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఇదే నేర్పానన్నారు. నేను రోజూ ఆఫీసులో చేసే పనే ఇది, అమెరికావాళ్లు నా వాక్యాలు మారుమాట లేకుండా అచ్చువేసుకుంటున్నారు అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"నా వాక్యం నేను రాసినట్టుంటే ఉండనివ్వండి, లేకపోతే అసలు వద్దు" అన్నాను.

"సరే, వద్దు" అన్నారు ముగ్గురూ.

ఆ వారం మొత్తమ్మీద ముగ్గురూ ఒప్పుకున్న మాట అదొక్కటే. కార్ఖానా బస్టాపు దగ్గర కంప్యూటర్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాను. ముగ్గురూ ఆనందంగా పొట్టి సంతకాలు పెట్టారు. కల్నల్‌గారైతే కాగితాన్ని దీపం కింద పెట్టి రెండుసార్లు చూసి, ఇందులో వేలు పెట్టడానికి ఒక్క చోటు కూడా లేదన్నారు. నిజమే. ఫలానావారి కుమారుడైన ఫలానా వ్యక్తి ఫలానా సంవత్సరం నుంచి ఈ వీధిలో వాచ్‌మన్‌గా పనిచేస్తున్నాడు. ఈ ఉత్తరం అతని కోరిక మీద ఇవ్వడమైనది. రెండే వాక్యాలు. రెండోది కోశాధికారి చేర్చింది.

సోమవారం పొద్దున ఏడింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు, కిందున్న సంతకాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, తొమ్మిదేళ్లలో రెండోసారి ఒకటి అడిగాడు.

"నాకు ఇంగ్లీష్ రాదు గద మేడమ్. అండ్ల నా గురించి ఏం రాసిండ్రో జెర చదివి చెప్పుండ్రి."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. చదవడానికి అందులో ఏముంది కనక? సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అప్పుడే కాగితం చించేసి, నా పేరు మీద నాలుగు ముక్కలు చేత్తో రాసివ్వొచ్చు. అది ఇప్పుడు తోస్తోంది. అప్పుడు మాత్రం ఆఫీసు బస్సు వచ్చే వేళవుతోంది, ఇతను నా ముఖంలోకి చూస్తున్నాడు, నా మొదటి ఆరు వాక్యాలూ నాకు కంఠతా వచ్చు. కాగితం మీద చూపు కదుపుతూ వాటినే తెలుగులో చెప్పాను. నిజాయితీపరుడన్నాను, కష్టపడే మనిషన్నాను. గ్యాస్ సంగతి వచ్చినప్పుడు అతను తల వంచుకుని నవ్వాడు.

"గది సుత రాసిండ్రా" అన్నాడు. కాగితాన్ని మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లాడు.

సాయంత్రం నేను బస్సు దిగేసరికి గేటు దగ్గరే ఉన్నాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. ఏమైందని అడిగాను.

"ఇంగ్లీష్ మంచిగున్నదన్నడు మేడమ్ ఆ సారు. గని మంచోడని ఏడ రాయలేదు, ఏమన్న లొల్లి చేసి వచ్చినవా అని అడిగిండు. లేదు సార్, గ్యాస్ సంగతి సుత అండ్ల ఉన్నది, మా మేడమ్ సదివి చెప్పిండ్రు అన్న. మల్లొకసారి చూసిండు. అబద్ధం చెప్తున్నవా అన్నడు."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ మాదాపూర్ సారుకి ఇంగ్లీషు సరిగా చదవడం రాదని నిర్ణయించుకున్నట్టున్నాడు. కవరులోంచి కాగితం జాగ్రత్తగా తీసి, గేటు పక్క గోడ మీద పరిచాడు.

"రేపు మల్ల పోత మేడమ్. గ్యాస్ సంగతి ఏ లైన్ల ఉన్నదో దాని కింద జెర గీత గీసియ్యుండ్రి, ఆయనకు చూపిస్త."

చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి నా చేతికిచ్చాడు.