మందు మానిన లింగమూర్తి

తెలుగు నేతగాళ్లు పరాయి రాష్ట్రానికి వలసపోయి స్థిరపడ్డ లింబాయత్‌లో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, చీరల గుడ్డ నేసే లింగమూర్తికి డాక్టర్లంటే భయం లేదు. భార్య పద్మారాణి అంటే ఉంది. పోయిన దీపావళికి ఆమె పట్టుబట్టి అతని చేత తాగుడు మాన్పించింది. ఆ సంగతి గల్లీలో ఎవరికో ఒకరికి చెప్పుకోని రోజు లేదు.

ఈమధ్య ఒకరోజు లింగమూర్తి తల తిరిగి సాంచ పక్కనే కూలబడ్డాడు. ఇదివరకు అతని బీపీకి వాళ్లు చూపించుకున్న డాక్టరుది హిందీ. ఈసారి పద్మారాణి అతన్ని రాజమండ్రి నుంచి వచ్చి దగ్గర్లోనే కొత్తగా ఆస్పత్రి పెట్టిన హిమశ్రీ దగ్గరికి తీసుకెళ్లింది. తెలుగులో చెప్పుకోవచ్చన్న సంబరంలో పట్టుచీర కూడా కట్టుకుంది.

హిమశ్రీ బీపీ చూసి ముఖం చిట్లించింది. "రోజూ మందు వేసుకుంటున్నారా అండి?"

లింగమూర్తి భార్య వైపు చూసి, "లేదు మేడమ్, బంద్ చేసిన" అన్నాడు గర్వంగా.

"ఎవరు మానేయమన్నారు?"

"నేనే మాన్పించిన" అంది పద్మారాణి, మెచ్చుకుంటుందని కుర్చీలో నిటారుగా కూర్చుని.

హిమశ్రీ మెచ్చుకోలేదు సరికదా, ప్రాణం మీదికి తెచ్చే పని చేశారని మందలించింది. ఈరోజే మళ్లీ మొదలుపెట్టాలని, పొద్దునా రాత్రీ తప్పకూడదని చెప్పింది. లింగమూర్తి ముఖం వెలిగిపోయింది.

"పొద్దుగాలనే తాగితే సాంచ ఎట్ల నడిపిస్తడు మేడమ్?" అంది పద్మారాణి.

తాగడమేమిటని హిమశ్రీ అడిగాక గానీ తికమక తేలలేదు. హిందీ డాక్టరు దగ్గర జబ్బుకు వేసుకునే దవా వేరు, తాగే దారు వేరు. సొంత భాషకు వచ్చేసరికి రెండూ మందే అయ్యాయి. హిమశ్రీ కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. తమ ఇంట్లో గోలీలు మింగుతామని, మందంటే తాగేదేనని పద్మారాణి కొంగు చాటు నుంచి వివరించింది.

"మరి గోలీలు మింగుతున్నారా?"

లింగమూర్తి నవ్వు ఆగిపోయింది. తాగుడు మానాక ఒళ్లు తేలికైందని, ఇక ఎందుకులే అని అవి కూడా ఆపేశాడట.

"నాకెందుకు చెప్పలే?" అంది పద్మారాణి.

"నువ్వు గోలీల ముచ్చట అడగలే. మందు తాగినవా అనే అడిగినవ్."

ఆమె అక్కడికక్కడే గోలీ మింగించి, నోరు తెరిపించి చూసింది. నెల తిరిగేసరికి బీపీ దిగింది. హిమశ్రీ ఇప్పుడు "గోలీ మింగిండ్రా?" అనే అడుగుతోంది. గల్లీ ఆడవాళ్లు ఒంట్లో బాగాలేకపోతే, మాట తేడా రాకుండా పద్మారాణిని వెంటబెట్టుకుని ఆమె దగ్గరికే వెళ్తున్నారు.