రంగు చేతులు

మా వరంగల్‌లో కడుపు నొప్పికి ఉన్న పేరు ఒక్కటే, గ్యాస్. ఛాతీలో మంట గ్యాస్, వీపులో పోటు గ్యాస్, మనసు బాగోలేకపోయినా గ్యాసే. డాక్టర్లు కూడా ఈ ఊరి గాలి పీల్చే చదువుకున్నారు కాబట్టి వాళ్లకూ ఇంకో మాట రాదు. నా ఇరవై ఏడో ఏట మొదటిసారి నొప్పి లేచినప్పుడు నెక్కొండ బడిలో ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. సుద్దముక్క వదిలేసి బల్ల మీదికి వంగిపోయాను. హెడ్మాస్టరు గారు గ్యాసే అని తేల్చి సోడా తెప్పించారు. లెక్కల పంతులు ఆయన. మనిషి కడుపు గురించి అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగాడో ఇప్పటికీ నాకు తెలియదు.

బొడ్డు కింద ఎవరో తడి గుడ్డ పిండినట్టు ఉండేది ఆ నొప్పి. వాంతులు, గుండె దడ. మూడు నాలుగు రోజులు చంపి, దానంతట అదే పోయేది. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేది. పొట్ట నొక్కి చూస్తే మాత్రం మెత్తగా ఉండేది. నా కొంప ముంచింది అదే. మెత్తగా ఉంది కాబట్టి నొప్పే లేదని తేల్చేశారు మహానుభావులు. స్కానింగులో ఏం లేదు, రక్తంలో ఏం లేదు, గొట్టం వేసి చూసినా ఏం లేదు. "ఏం లేదమ్మా" అని చెప్పడానికి అన్నేళ్ల చదువు ఎందుకు? మా వాడ చివర పాన్‌డబ్బా ఆయన కూడా చెబుతాడు ఆ మాట, వక్కపొడి వేసుకుంటూ. ఒకాయన నా అపెండిక్స్ తీసేశాడు. తీశాక చూసి, అది కూడా చాలా బాగుందమ్మా అన్నాడు, నాకు ఫస్టు ర్యాంకు వచ్చినట్టు. వెయ్యిమందిని చంపినవాడు అర వైద్యుడని సామెత. ఈయన ఇంకా సగం దారిలో ఉన్నాడనుకుని బతికినందుకు సంతోషించాను.

తర్వాతి ఆయన నా వైపు చూడనే లేదు. పెళ్లి కాలేదా అని మా బాపును అడిగాడు. కాలేదంటే అర్థమైందన్నట్టు తల ఊపి, టెన్షన్ అని రాసి, త్వరగా సంబంధం చూడమన్నాడు. ఆయన మాటకు అసలు అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. నాటకాలు.

ఆ మాట మా ఇంటికి కొత్తది కాదు. మాది కొత్తవాడ. బాపు జంపఖానాల నూలుకు రంగులు వేసేవాడు. ఆయన చెల్లెలు, మా మేనత్త, నా చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండేది. నెలకోసారి కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగేది. నాటకాలాడుతోందని అత్తవారు పంపించేశారు. మేము అదే మాటను కొంచెం ముద్దుగా వాడుకున్నాం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కడుపు పట్టుకుని, కళ్లు తేలేసి, "అయ్యో సచ్చిపోతాన" అని అచ్చం అత్తలా చేసి చూపించేదాన్ని. చుట్టాలు వస్తే అడిగి మరీ చేయించుకునేవారు. ఇరవై ఆరో ఏట ఆమెకు మొదట కాళ్లు పడిపోయాయి, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి. గాలి సోకిందని చెప్పుకున్నాం, దినాలు చేశాం, మరిచిపోయాం.

డాక్టర్ల వల్ల కాలేదని మా అమ్మ దేవుడి మీద భారం వేసింది. అంటే నా మీద వేసింది. శనివారం ఒక్కపొద్దు పెట్టింది, పగలంతా పచ్చి మంచినీళ్లతో ఉండి పొద్దుపోయాక ఇంత పలహారం. నొప్పి తగ్గలేదు. శుక్రవారం కూడా కలిపింది. నొప్పి నెలకు రెండుసార్లు రావడం మొదలైంది. నేను మధ్యలో చాయ్ తాగాను కాబట్టి వ్రతం చెడిందని తేల్చి సోమవారం కూడా కలిపింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు వారానికి మూడుసార్లు తెలిసేది. అమ్మను ఎందుకు అనాలి? బీయెస్సీ చదివి, పిల్లలకు సైన్సు కూడా చెప్పే నేను బుద్ధిగా పస్తులున్నాను. దేవుడనేవాడు నిజంగా చూస్తుంటే, ఈ పిల్లకు బుక్కెడు బువ్వ పెట్టుండ్రి అని తల బాదుకుని ఉంటాడు.

శ్రావణంలో నెలంతా ఒక్కపొద్దులే. ఆ నెల చివర నొప్పి వచ్చింది, పోలేదు. వారం తర్వాత ఒక పొద్దున మంచం దిగబోతే కాళ్లు నిలవలేదు. జడ వేసుకుందామంటే చేతులు భుజం దాటి లేవలేదు. అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, మేనత్తకు కూడా ముందు కాళ్లే. నాకు భయం వేసింది. ఆ రెండేళ్లలో కోపం తప్ప ఇంకేమీ లేని నాకు మొదటిసారి చచ్చిపోతానని భయం వేసింది.

హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించారు. నర్సు ఒక ప్లాస్టిక్ సీసా ఇచ్చి మూత్రం పట్టి పెట్టమంది. అమ్మ పట్టి కిటికీలో పెట్టింది. దాని కోసం ఎవరూ రాలేదు. బాపు పొద్దంతా నా మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. గోళ్ల చుట్టూ నీలం, ఎరుపు. నలభై ఏళ్ల రంగు ఏ సబ్బుకూ పోదు. కిటికీలో సీసా వైపే చూస్తూ ఉండేవాడు. పొద్దున పెట్టినప్పుడు పసుపుపచ్చగా ఉన్నది, ఎండ పడమటికి తిరిగేసరికి నల్లద్రాక్ష రసంలా అయింది.

మరునాడు ఆయన అమ్మతో రెండు సీసాలు పట్టించాడు. ఒకటి కిటికీలో పెట్టాడు, రెండోది గుడ్డ చుట్టి మంచం కింద పెట్టాడు. రంగు నిలుస్తుందో లేదో చూడాలంటే ఆయన ఇంట్లో చేసే పని అదే, ఒక చిలప నూలు ఎండలో, ఒక చిలప నీడలో. సాయంత్రానికి కిటికీలోది నల్లబడింది. మంచం కిందిది పసుపుపచ్చగానే ఉంది. రౌండ్లకు వచ్చిన కుర్ర డాక్టరుకు చూపిస్తే అతను నవ్వాడు. బీట్‌రూట్ తిన్నదా అని అడిగి, నీ రంగుల దుకాణం ఇక్కడ పెట్టకు తాతా అన్నాడు. ఏమైనా తిననిస్తే కదా బీట్‌రూట్ తినడానికి.

బాపు అతనితో వాదించలేదు. రెండు సీసాలూ పట్టుకుని కింద పెద్ద డాక్టరమ్మ గది ముందు వరసలో కూర్చున్నాడు. తన వంతు వచ్చాక ఆమె బల్ల మీద పెట్టి చెప్పిన మాటలు ఆమే తర్వాత నాకు చెప్పింది.

"మేడం, ఈ రెండు ఒక్కసారే పట్టినయి. ఒకటి ఎండకు పెట్టిన, ఒకటి నీడకు పెట్టిన. నా బిడ్డ లోపట ఏదో రంగున్నది. జర చూడుండ్రి."

ఆమె చూసింది. ఆమెను పొగడటానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ముక్కే, కానీ అది చాలు. ఏదో మందు కలిపి పరీక్ష చేయిస్తే మూత్రం గులాబీ రంగుకు తిరిగింది. జబ్బు పేరు పార్ఫీరియా. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారయ్యే దారిలో ఎక్కడో లోపం, మధ్యలో ఆగిపోయిన సరుకు విషమై నరాలను పట్టుకుంటుంది. బయటపడి ఎండ తగిలితే రంగు మారుతుంది. దాన్ని రెచ్చగొట్టేవాటిలో కొన్ని మందులున్నాయి, అన్నిటికన్నా ముందు పస్తు ఉంది. నా వారంలో ఒక్కపొద్దులు ఎన్నో లెక్క చెబితే ఆమె పెన్ను పక్కన పెట్టి అమ్మ వైపు చూసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెంటనే గ్లూకోజు ఎక్కించారు. చీటీలో మొదటి మందుగా మూడు పూటలా అన్నం అని రాసింది డాక్టరమ్మ. రెండేళ్లు ఊరంతా తిరిగి సంపాదించుకున్న వైద్యం అది. అప్పటిదాకా ఏం లేదనిపించుకున్న నేను ఒక్క రోజులో అరుదైన కేసునయ్యాను. మంచం చుట్టూ కుర్ర డాక్టర్లు చేరారు. బీట్‌రూట్ అన్నవాడు మళ్లీ కిటికీలోకి చేరిన సీసాను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, చుట్టం పెళ్లిలో తీసుకున్నట్టు. సీసా పెట్టినవాడు స్టూలు మీదే ఉన్నాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

నా చేతులు భుజం దాటి లేచిన రోజు డాక్టరమ్మ వచ్చి, ఇది రక్తసంబంధంలో వస్తుంది, మీ రెండు వైపులా ఎవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. బాపు తన చేతులు చూసుకున్నాడు.

"నా చెల్లెకు" అన్నాడు. తర్వాతి మాటలు ఆమెతో కాదు, నాతో అన్నాడు. "ఆడోళ్లు ఒంటికి పోయే జాలారు కాడ ఎర్రగ మరకలుంటుండె బిడ్డా. రంగు చేతులు ఈడ కడిగినవని నేనే తిట్టేటోన్ని. ఒకపాలి కొట్టిన గూడ. నేను కాదన్నా, నేను రంగు ముట్టలేదన్నా అన్నది. మనింట్ల రంగు కాక ఇంకేముంటదని నమ్మలే."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. నాకు బాపు మీద కోపం రావాలి. రాలేదు. ఆ మధ్యాహ్నం నా తిట్ల మూట విప్పి చూసుకున్నాను. సోడా హెడ్మాస్టరు, బాగున్న అపెండిక్స్ తీసినవాడు, సంబంధం చూడమన్నవాడు, బీట్‌రూట్ వాడు, అందరూ ఉన్నారు. అందరికన్నా అడుగున ఒక ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. దాని మీద నాకున్న అసహ్యం ఇంకెవరి మీదా లేదు.

నా ఎనిమిదో ఏట, పరకాల నుంచి చుట్టాలు వచ్చిన రోజు అది. అడగ్గానే ఇంటి నడుమ నిలబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని మెలికలు తిరిగాను. అందరూ నవ్వారు. మంచం మీద ఉన్న అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే నన్ను దగ్గరికి పిలిచి, నా చేతులు పట్టుకుని బొడ్డు కిందికి జరిపింది.

"ఆడ కాదు బిడ్డా, ఈడ లేస్తది" అంది.

నేను చేతులు అక్కడే ఉంచుకుని, అంతా మళ్లీ మొదటినుంచి చేసి చూపించాను. ఈసారి ఇంకా బాగా నవ్వారు.